చెయ్యి పడని తుపాకి

మూడు తుపాకులు. మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి. వాటిలో ఒకదాన్ని సాయంత్రం ఐదులోగా పోలీసు స్టేషన్లో అప్పజెప్పాలి. ఏది అప్పజెప్పాలో చెప్పాల్సినవాడు మౌనేశు. తొమ్మిది రోజులుగా చెప్పలేక చస్తున్నాడు.

మౌనేశుకు ముప్పై నాలుగేళ్లు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లుల వెనక సందులో, హుసేన్ పీరా వస్తాదు తుపాకుల మరమ్మతు కొట్లో పదకొండేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. పేరులో మౌనం ఉందే గానీ మనిషిలో మచ్చుకైనా లేదు. తుపాకి కనబడితే చాలు, అది ఏ ఏట పుట్టింది, ఏ మార్పుతో పుట్టింది, దీనికి ముందు వచ్చిందేమిటి, తర్వాత వచ్చిందేమిటి అని మొదలుపెడతాడు. వినేవాళ్లు గడియారం చూసుకుంటారు. ఆ సంగతి అతను ఇంతవరకూ గమనించలేదు.

వస్తాదుది వేరే ధోరణి. ఆయన తాతముత్తాతలు దూదేకినవాళ్లు. ఈయన దూదివిల్లు వదిలి ఆకురాయి పట్టాడు. డెబ్బై దాటినా చేతిలో వణుకు లేదు. రోజుకు పది మాటలు మాట్లాడితే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టే లెక్క.

తుపాకులు పశువుల డాక్టరు కులశేఖరం గారివి. ఆయన రిటైరై ఆరేళ్లయింది. డన్‌వెల్ అనే పాత విదేశీ రకం ఇరవై రెండు బోరు తుపాకి అంటే ఆయనకు పిచ్చి. దాని పక్కనున్న బోల్టు పిడి ఒక్కసారి లాగి వదిలితే చాలు. ఆ తర్వాత ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక్కో గుండు పోతుంది. ఖాళీ తొడుగును అదే బయటికి విసిరేసి, అదే కొత్తది ఎక్కించుకుంటుంది. ఆ రకం మూడు తరాలుగా వచ్చింది. తరానికొకటి చొప్పున మూడూ సంపాదించడానికి డాక్టరు గారికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఒక లైసెన్సు మీద మూడు ఉండొచ్చు కాబట్టి ఇన్నాళ్లూ చీకూ చింతా లేదు. ఇప్పుడు కొత్త చట్టం వచ్చి రెండే అంది. గడువు ఇవాళ్టితో సరి.

స్టేషనుకు పోయిన తుపాకి గదిలో ఒక మూల నిలబడుతుంది. దాన్ని తీసి తుడిచి నూనె రాసేదెవరు? రెండు వానాకాలాలు గడిస్తే గుర్తుపట్టడమే కష్టం. అందుకే డాక్టరు తొమ్మిది రోజుల కిందట మూడింటినీ మరమ్మతు రసీదు మీద కొట్లో దించి, "ఇదీ అదీ అని నేను చెప్పలేను. మీరే చూసి ఒక కాయితం రాసియ్యండి, దాని ప్రకారం పోతాను" అని వేడుకున్నాడు.

వస్తాదు మౌనేశు వైపు తిరిగాడు.

"ఈ కాయితం నువ్వు రాయి. సంతకం నీదే."

పదకొండేళ్లలో ఆ మాట రావడం అదే మొదలు. ఆ కొట్లోంచి బయటికి పోయిన ప్రతి కాయితం మీదా వస్తాదు సంతకమే ఉంటుంది. ఆ సంతకం ఉంటే బళ్లారి నుంచి కర్నూలు దాకా ఎవరూ మారు మాట్లాడరు. మౌనేశుకు ఆ రోజు అన్నం సయించలేదు. తను రాసిన మాట మీద ఒక తుపాకి చచ్చిపోతుంది, రెండు బతుకుతాయి. మాట తప్పయితే ఆ పేరు జన్మంతా వదలదు.

అక్కడి నుంచి మొదలైంది పోలికల పురాణం.

మొదటి తరందానికి పిడి గుండ్రం, రెండోదానికి చదును. మొదటిదాని కర్ర మీద గళ్లు చేత్తో చెక్కినవి, రెండోదాని మీద మిషను అచ్చు, మూడోదాని మీద అసలు గళ్లే లేవు. ట్రిగ్గరు చుట్టూ ఉండే కమ్మి మొదటి రెండింటికీ ఉక్కు, మూడోదానికి అల్యూమినియం. ఇవన్నీ మౌనేశు భూతద్దం పెట్టి చూశాడు, కొలిచాడు, రాశాడు. ఒక నోటుబుక్కు నిండిపోతే రెండోది తెచ్చుకున్నాడు.

ఇక నక్షత్రం సంగతి చెప్పుకుంటే తెల్లారిపోతుంది. మొదటి తరంవాటి మీద కంపెనీ ముద్ర కింద ఆవగింజంత నక్షత్రం ఉంటుంది. దానికి ఐదు కొనలుంటే తొలి ఏడాది సరుకు, ఆరుంటే రెండో ఏడాదిది. ఫోనులో పాత తుపాకుల పిచ్చివాళ్ల గుంపొకటి ఉంది. ఫోటో పెడితే నాగపూర్ ఆయన ఆరన్నాడు, మైసూరు ఆయన ఐదన్నాడు. ఇద్దరూ తిట్టుకుని గుంపులోంచి వెళ్లిపోయారు. మౌనేశుకు మూడు రోజులు ఆ నక్షత్రం కిందే పోయాయి.

ఓపిక నశించి వస్తాదునే అడిగాడు.

"వస్తాదూ, ఈ నక్షత్రం అరిగిపోయి ఐదున్నర కొనల మాదిరుంది. ఐదు అనాల్నా, ఆరు అనాల్నా?"

"టీ చెప్పు," అన్నాడు వస్తాదు.

టీ చెప్పాడు. తాగాక మళ్లీ అడిగాడు. వస్తాదు ఏదో నాటు తుపాకి స్ప్రింగు సాగదీస్తున్నాడు. తలెత్తలేదు.

మరునాడు ఇంకోటి అడిగాడు. "మూడోదాని స్క్రూ తల చూడండి వస్తాదూ. గాటు చెదిరిపోయింది. ఎవరో మొరటోడు తిప్పినాడు. భుజానికి ఆనే వెనక రేకు కూడా దానిది కాదు, ఇంకో తుపాకిది తెచ్చి వేసినారు. దీన్ని ఇంక అసలుదని ఎట్ల అనేది?"

"గంట నుంచి ఆ కిటికీ కొట్టుకుంటాంది. గొళ్లెం పెట్టు," అన్నాడు వస్తాదు.

మౌనేశుకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాయితం నువ్వే రాయమంటాడు, అడిగితే నోరు విప్పడు. తెలిసి చెప్పడం లేదా, తెలియక చెప్పడం లేదా? ఒక్కోసారి రెండోదే నిజమేమో అనిపించేది. పాతకాలపు మనిషి, నాటు తుపాకులు చూసిన కళ్లు, తరాల తేడాలు ఏం తెలుస్తాయి పాపం. ఆ 'పాపం' అనే మాట తన మనసులోకి వచ్చినందుకు సిగ్గు పడ్డాడు గానీ, వచ్చిన మాట వచ్చింది. గొళ్లెం మాత్రం అవసరమైన దానికంటే గట్టిగా వేశాడు.

ఆఖరి రోజు మధ్యాహ్నం రెండున్నరకు డాక్టరు వచ్చాడు. మౌనేశు పదకొండు పేజీల కాయితం విప్పాడు. చదవడానికి ముప్పావు గంట పట్టింది. ఐదో పేజీ దగ్గర డాక్టరు మర్యాదగా ఆవులించాడు. వస్తాదు తన పీట మీద తను స్ప్రింగు రుద్దుకుంటూనే ఉన్నాడు.

"కాబట్టి సార్," అని మౌనేశు పదకొండో పేజీకి చేరాడు, "మొదటిది అపురూపం. దీన్ని చచ్చినా వదలగూడదు. ఎందుకంటే ఇది చెయ్యి పడనిది."

"అంటే?"

"కంపెనీ గడప దాటినంక దీని స్క్రూ ఒక్కటి కూడా ఎవరూ తిప్పలే. గాట్లలో కంపెనీ పూసిన నలుపు ఇంకా అట్లే ఉండాది, చూడండి. ఇట్లాంటిది దేశం మొత్తానికి ఎన్ని ఉంటాయో వేళ్ల మీద చెప్పొచ్చు. నేను కూడా ముట్టలే సార్. తొమ్మిది రోజులు స్క్రూడ్రైవరు దీని దగ్గరికి కూడా రానియ్యలే."

ఆ ఆఖరి మాట చెప్పేటప్పుడు అతని గొంతులో గర్వం దాగలేదు.

"రెండోది ఫరవాలేదు, ఉంచుకోండి. మూడోది ఖిచిడీ. గాట్లు చెదిరినాయి, రేకు మారింది. దీన్ని ఇచ్చేయండి."

డాక్టరు మొహం విప్పారింది. "బతికించినావప్పా. నేనూ మొదటిదే అనుకుంటాంటి. మా అమ్మాయి మైథిలి రైఫిల్ క్లబ్బులో చేరింది. ఆదివారం నుంచి ఇదే తీస్కపోతానని ఒకటే గోల. నేనే, వస్తాదు కొట్లోంచి కాయితం రానీమ్మా అని ఆపినా."

మౌనేశు పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టడానికి అడుగున చోటు ఎంతుందో చూసుకున్నాడు.

వస్తాదు స్ప్రింగు పక్కన పెట్టాడు. చేతులు తుడుచుకుని లేచాడు.

మొదటి తుపాకి తీసుకుని బోల్టు వెనక్కి లాగాడు. లోపల గుండు కూర్చునే గదిలోకి చూశాడు. చిటికెన వేలు పెట్టి తడిమాడు. గుండ్లు పెట్టే గొట్టం బయటికి లాగి చూపించాడు. "ఖాళీయేనా?"

"ఖాళీనే వస్తాదూ."

"సరిగ్గా చూడు."

మౌనేశు వంగి చూశాడు. "ఖాళీనే."

వస్తాదు డబ్బాలోంచి పేలిపోయిన గుండు తొడుగు ఒకటి తీసి గదిలో పెట్టాడు. ఉత్త గదిలో సూది కొడితే అంచు పాడవుతుంది, అందుకని. బోల్టు వదిలాడు. లోపల ఘోడా, అంటే సూదిని కొట్టే సుత్తి, ఎక్కి నిలబడింది. గోనెసంచి మడిచి బండ మీద వేశాడు. తుపాకిని నిలువుగా పట్టుకుని జానెడు ఎత్తు లేపాడు.

"వస్తాదూ! ఆ వెనక రేకు అసలుది! గీత పడతాది!"

వస్తాదు దాన్ని దభీమని కిందికి దించాడు.

టక్.

ఎవరి వేలూ ట్రిగ్గరు మీద లేదు.

వస్తాదు బోల్టు లాగి, తొడుగు మళ్లీ పెట్టి, మళ్లీ దించాడు. టక్. మూడోసారీ అంతే.

"ఏందది శబ్దం?" అన్నాడు డాక్టరు. ఆయన చేతిలో టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

మౌనేశు తుపాకి మీదికి వంగాడు. "ఘోడా జారింది సార్. దాన్ని పట్టి ఆపే కొక్కెం పట్టడం లే."

"గుండు ఉండింటే?"

"పేలుండేది."

డాక్టరు గ్లాసు కింద పెట్టాడు. "మొన్న దీన్ని ఇక్కడికి తెచ్చే ముందర మైథిలి భుజానేసుకుని వరండాలో అటూ ఇటూ నడిచింది. చేయి జారి నేల మీద కూడా కొట్టుకుంది. ఖాళీదేలే. ఖాళీదే." ఆ మాట తనకు తనే చెప్పుకుంటున్నట్టు ఇంకోసారి అన్నాడు.

మౌనేశు పదకొండు పేజీలూ గబగబా తిప్పాడు. గళ్లున్నాయి, పిడి ఉంది, కమ్మి ఉంది. నక్షత్రం గురించి మూడు పేజీలున్నాయి. కొక్కెం గురించి ఒక్క మాట లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. కొట్లో చేరిన మొదటి వారం నేర్పిన పని ఇది! మరమ్మతుకు వచ్చిన ప్రతి తుపాకినీ ఇట్లా దంచి చూడందే బల్ల ఎక్కనివ్వరు. రేకు మీద గీత పడుతుందని దీన్ని మాత్రం పూలపల్లకిలా మోసుకుంటూ తిరిగాడు.

వస్తాదు మూడో తుపాకి తీశాడు. అదే వరస. ఖాళీ చూశాడు, తొడుగు పెట్టాడు, దంచాడు. ఐదుసార్లు దంచినా చప్పుడు లేదు. తర్వాత దాన్ని బల్ల మీద మౌనేశు ముందు పెట్టి, చెదిరిన స్క్రూ గాటు మీద గోరు ఆనించాడు.

"ఇది ఎందుకు చెదిరింది?"

"ఎవరో విప్పినారు."

"ఎందుకు విప్పినారు?"

మౌనేశు నోరు తెరిచాడు. మొరటోళ్లు, తెలియనోళ్లు, అసలు విలువ ఎరగనోళ్లు అని తొమ్మిది రోజులుగా నలుగుతున్న మాటలన్నీ నాలుక దాకా వచ్చి అక్కడే ఆగాయి.

"లోపల చూడ్డానికి," అన్నాడు.

వస్తాదు మొదటి తుపాకిలోంచి తొడుగు తీసేసి దాన్ని ముందుకు జరిపాడు. గాటుకు సరిపోయే స్క్రూడ్రైవరు వెతికి, మౌనేశు అరచేతిలో పెట్టాడు.

మౌనేశు డాక్టరు వైపు చూశాడు. ఒక్క చుట్టు తిప్పితే గాటులోని ఆ నలుపు రాలిపోతుంది. రాలిందంటే ఇంక ఎవరి తరమూ కాదు. 'చెయ్యి పడనిది' అన్న మాట ఆ తుపాకికి మళ్లీ ఎప్పటికీ రాదు. ఇరవై రెండేళ్లు తిరిగి సంపాదించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

"సార్, విప్పితే..."

"తెలుసులేప్పా." డాక్టరు నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ముప్పై మూడేళ్లు బర్రెల కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసినోణ్ణి నేను. బయట నుంచి చూసి బాగుందని ఒక్క దూడ గురించి కూడా చెప్పలే. దీని ముందర మాత్రం చేతులు కట్టుకుని ఫోటోలు తీసుకుంటా కూర్చుంటి. విప్పు నాయనా. ముందు విప్పు."

మౌనేశు స్క్రూడ్రైవరు ఆనించి ఒత్తి తిప్పాడు. సన్నటి నల్ల పొలుసు ఒకటి రాలి గోనె మీద పడింది. అతనికి ప్రాణం చివుక్కుమంది. తిప్పడం ఆపలేదు.

లోపల ఎన్నేళ్ల మసో ఉంది. ఎప్పటిదో నూనె ఎండి తారులా గడ్డకట్టింది. దానికింద కొక్కెం మొన అరిగి నున్నబడిపోయింది. తలా కొన్నేళ్లు ఉంచుకున్న యజమానులందరూ దీనితో కాల్చారు, బయట గుడ్డ పెట్టి మెరిపించారు, స్క్రూ పాడవుతుందని ఒక్కడూ తెరవలేదు.

మూడోదాన్ని విప్పాడు. చెదిరిన గాటు మీద స్క్రూడ్రైవరు ఒకసారి జారింది, రెండోసారి పట్టింది. లోపల పలచటి నూనె పొర తప్ప మసి లేదు. కొక్కెం మొనను ఎవరో ఆకురాయితో సరిచేశారు. ఆ రాపిడి ఎంత తిన్నగా ఉందంటే, ఆ చెయ్యి ఎవరిదో, ఏ ఊరిలో కూర్చుని చేశాడో అని మౌనేశు చాలాసేపు భూతద్దం కిందే ఉంచుకున్నాడు. తర్వాత దాన్ని వస్తాదుకు అందించాడు. వస్తాదు చూసి, తల ఊపి తిరిగి ఇచ్చాడు.

రెండోది మిగిలింది. దంచితే మూడుసార్లూ చప్పుడు రాలేదు. విప్పబోతే స్క్రూ తుప్పుకు బిగుసుకుపోయి ఉంది. నూనె పోశాడు, తట్టాడు, పళ్లు బిగబట్టి తిప్పాడు. కదలలేదు. ఇంకా బలవంతం చేస్తే తల విరుగుతుంది.

గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. స్టేషను దాకా పోవడానికే పావుగంట.

మౌనేశు కొత్త కాయితం తీసుకుని ఒక్క పేజీ రాశాడు. మొదటిదాన్ని ఉంచుకోండి, కానీ కొక్కెం మార్చేదాకా అందులో గుండు పెట్టవద్దు. మూడోదాన్ని ఉంచుకోండి, మీ అమ్మాయి దానితో నేర్చుకోవచ్చు. రెండోదాన్ని అప్పజెప్పండి, ఆ తరంవి ఇంకా చాలామంది దగ్గర ఉన్నాయి. చదివి వినిపించడానికి ఒక నిమిషం పట్టింది. డాక్టరు రెండో తుపాకి మీద చెయ్యి వేసి, సరేనన్నట్టు కళ్లు మూసి తెరిచాడు.

మౌనేశు సంతకం పెట్టబోయాడు. వస్తాదు చెయ్యి చాపాడు. కాయితం తీసుకుని, దూరంగా పట్టుకుని, పెదవులు కదుపుతూ మెల్లగా చదివాడు. మౌనేశు గడియారం చూశాడు. డాక్టరు గడియారం చూశాడు. వస్తాదు మొదటి నుంచి మళ్లీ చదివాడు.

"రెండోదాని లోపల చూసినావా?"

"లేదు వస్తాదూ. మీ ఎదురుగానే కదా, స్క్రూ పట్టేసింది. రేపటికి గానీ రాదు."

"అది ఇందులో యాడ రాసినావు?"

మౌనేశుకు ఇంక ఓపిక లేదు. "అదెట్ల రాసేది వస్తాదూ? లోపల చూడకుండానే దీన్ని పంపించమన్నాడు అనుకోరా జనం?"

"అనుకోనీ," అన్నాడు వస్తాదు. "చేసింది అదే కదా."

మౌనేశు డాక్టరు వైపు చూడలేకపోయాడు. కాయితం తీసుకుని, సంతకానికి వదిలిన చోట్లో, అక్షరం అక్షరం విడిగా రాశాడు. 'రెండో తుపాకి లోపల నేను చూడలేదు.'

డాక్టరు కళ్లజోడు సవరించుకుని ఆ వాక్యం చదివాడు. రెండో తుపాకిని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

వస్తాదు తన పెన్ను తీసి మౌనేశు చేతికిచ్చాడు.

"ఇప్పుడు పెట్టు సంతకం."